క అంటే కింద

బల్ల ఊగుతున్నదని కబురొస్తే
సూపర్‌వైజర్ నన్ను తోలిండు.
మా క్యాంపుకూ ఆ గ్యాలరీకీ నడుమ
ఒక టైర్ల దుకాణం, రెండు గోదాములు, ఒక గోడ.
అల్ కూజ్‌ల ఏడేండ్ల సంది ఉంటున్నా
గోడకవతల అంత చల్లగుంటదని తెల్వలే.

మోకాళ్ళ మీద కూసోని చూసిన.
కాలు పొట్టి కాదు, నేలే వంకర.
వడ్లోని జేబు ఎప్పుడూ ఖాళీగుండదు,
చెక్క పెచ్చొకటి తీసి చీలిక దోపిన.
బల్ల నిలబడ్డది.

లేస్తుంటే అద్దం కింద కనపడ్డయి.
నగలట.
బంగారం లేదు, రాయి లేదు, తళుకు లేదు.
ఖర్జూరం మట్ట నార పేని చెవులకు రెండు,
ముసలి తుమ్మ లెక్క బెరడుతోనే ఒక కంకణం,
పాత పడవ పక్కటెముక కోసిన ఉంగరం,
ఉప్పు తిన్న గీతలు ఇంకా దాని మీదనే.

మా మేనమామ అవుసలాయన.
గురిగింజలేసి తూచుకుంట అనేటోడు:
"మీ వడ్లోళ్ళ పని మొయ్యనీకే బిడ్డా,
పెట్టుకోనీకి కాదు."
ఆయన్ని తెచ్చి ఈ అద్దం ముందట నిలబెట్టి
మొఖం చూడాలనిపించింది.

ఆఖరుకు ఒక బిళ్ళ, పైటకు గుచ్చుకునేది.
అరచేతి కన్నా చిన్న పలక.
అంచుకు ఐదు పొరలు,
సిమెంటు పాలు కారి ఎండిన మరక,
మేకు పెరికిన తొర్ర.
తొర్ర చుట్టూ సన్నటి వెండి తీగ,
కంటికి కాటుక దిద్దినట్టు.

షట్టరింగ్ చెక్క.
గోడ పచ్చిగున్నన్ని దినాలు పట్టుకొని నిలబడతది,
గట్టిపడంగనె ఊడబీకి అవతలేస్తం.
బిల్డింగు ఫోటోల్ల అది ఉండదు.

నడుమ నల్ల పెన్సిల్ గీత.
గీత కాదు, అక్షరం.
క.
నా క.
ప్రతి పలక వెనక నేనే రాస్తా, కింద వైపుకు గుర్తు.
లేకుంటే నేపాల్ పోరడు, సిల్హెట్ పోరడు
తిప్పి కొడతరు, బెజ్జాలు కలువవు.
మా గుంపుల అందరికీ
ఆ ఒక్క తెలుగు అక్షరం వచ్చు.

ఇక్కడ దాన్ని తలకిందులు పెట్టిండ్రు.
తలకట్టు జారి వేలాడుతున్నది,
మధ్యాహ్నం నిచ్చెన దిగుతుంటే నాది జారినట్టు.

చేసినామె వచ్చింది. రీమ్ హద్దాద్.
వేళ్ళకు జిగురు మచ్చలు, గోటి కింద రంపపు పొట్టు.
ఆ చేతులు చూసినంక బెరుకు పోయింది.
హద్దాద్ అంటే కమ్మరట, వాళ్ళ తాతలది.
"అయితే వరసైతం" అన్న, తెలుగులనే.
వచ్చిన హిందీల మిగిలింది చెప్పిన:
ఇది ఉల్టా ఉన్నది మేడమ్.
నీకెట్లా తెలుసన్నది.
నేనే రాసిన. క అంటే కింద.

ఆమె చాలాసేపు చూసింది,
బిళ్ళను కాదు, నన్ను.
"పక్షి అనుకున్న" అన్నది,
"రెక్క ముడుచుకొని పండిన పక్షి."
తిప్పి పెట్టనా అని అడిగింది.

నేను ధర చీటీ చదువుతున్న.
రెండువేల నాలుగు వందల దిర్హాములు,
నా రెండు జీతాలు, పైన కొంచెం.
వద్దన్న. పక్షినే ఉండనీ.
బయటికొచ్చి, తిప్పమంటే బాగుండు అనుకున్న.
టైర్ల దుకాణం దాటినంక మళ్ళ వద్దనిపించింది.

ఐతారం నాడు వాచ్‌మన్ ముర్తుజా చెప్పిండు,
నల్లబట్టలామె ఒకామె కొన్నదట,
డబ్బా కూడా అడగలేదట,
అక్కడికక్కడే భుజానికి గుచ్చుకొని పోయిందట.
ఏ వైపుకని అడిగిన.
వాడు నన్ను పిచ్చోన్ని చూసినట్టు చూసిండు.

పదహారో అంతస్తు. ఇంకా పొద్దు పొడవలే.
చెవి మీంచి పెన్సిల్ తీసిన.
క.
నడుము గీత తిన్నగ గీసి,
తలకట్టు కొంచెం సాగదీసి,
పంతులు వెనక నిలబడ్డట్టు.
కాంక్రీటు లారీ వచ్చిందని
కింద కుంజుమోన్ అరుస్తున్నడు.
ఒక్కటే అయింది.
ఇంకా నలభై ఉన్నయి.