ఏమవుతావు

తుర్కులో నదిని ఔరా అంటారు.
అది ఆశ్చర్యమని అక్కడెవరికీ తెలీదు.
ఫిబ్రవరిలో దాని మీద కుక్కల్ని నడిపిస్తారు.

ఒడ్డున ఇటుకల మేడ, మూడో అంతస్తు,
రాత్రి పదకొండు.
గున్నెవి షోబ్లోమ్ కొలిమి ముందు స్టూలేసుక్కూర్చుంది,
ఒళ్లో అల్లిక, నుదుటి మీదికి తోసిన నల్లద్దాలు.
ఇసుక, సున్నం, సోడా, చిటికెడు భాస్వరం
ప్లాటినం మూసలో తేనెలా కదులుతున్నాయి.

పోసింది.
గబుక్కున చల్లారింది గాజు,
ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో తేలకముందే
తలుపులేసిన విందులా.
గాజంటే అంతే. వరస తెలియని జనం.

ఇప్పుడు మళ్లీ వేడి చెయ్యాలి, కరగనంత మాత్రం.
ఇక్కడ ఆమె అల్లిక ఆపుతుంది.
లోపలెక్కడో, కంటికి ఆనని చోట,
నలుగురు చేరి వరస కలుపుకుంటారు.
పాలలో మజ్జిగ చుక్క. తోడు.
ఆ చుక్క ఎవరూ వెయ్యలేదు,
పాలే వేసుకున్నాయి.

కిందటి నెల తపాని అనే కుర్రాడు
మరో రెండు గంటలు ఉంచుదామన్నాడు.
గట్టిగా రావాలి కదా, మనిషి బరువు మొయ్యాలి కదా.
వచ్చింది. పింగాణీలా తెల్లగా, సుత్తికి లొంగకుండా.
ఒంటి వెచ్చదనమున్న ఉప్పునీళ్లలో నెల్లాళ్లు ముంచినా
ఒక్క పొర కట్టలేదు.
పూర్తిగా గట్టిపడ్డవాడితో ఎముక మాట్లాడదు,
అంది గున్నెవి, స్వీడిష్‌లో, తనలో తను.
ఆమె మొగుడి సంగతి తపానికి తెలీదు.

కాబట్టి సగం. సగం కన్నా కాస్త తక్కువ.
నూకల్లా స్ఫటికాలు, వాటి చుట్టూ
ఇంకా ఎటూ తేలని గాజు,
కొంచెం కరగడానికి ఒప్పుకున్న గాజు.

నాంతలి ఓడల రేవులో వెల్డరు ఇర్మెలి.
చీము తోడేశాక ఆమె కాలి ఎముకలో
ఉసిరికాయంత గుంట మిగిలింది.
అందులో ఈ పలుకులు నింపారు.
నెత్తురొచ్చి చుట్టూ నిలబడింది,
గుమ్మంలో కొత్తమొహం చూసిన ముసలమ్మలా:
ఎవరి తాలూకు? మాకేమవుతావు?

గాజు జవాబు చెప్పలేదు.
కరిగింది, కొంచెం.
సున్నం ఇచ్చింది, భాస్వరం ఇచ్చింది,
ఆ ఇంటి బట్టే కట్టుకున్నట్టు
ఎముకలాంటి పొర ఒకటి పల్చగా కప్పుకుంది.
తర్వాత ఎవరు ఎవరిలోకి పెరిగారో
ఇర్మెలి నిద్రలో జరిగిన సంగతి.

పద్నాలుగు నెలలకి ఎక్స్‌రే మీద
డాక్టరు పెన్సిలు గుంట అంచు కోసం వెతికింది,
వెతికి, ఊరుకుంది.
ఇర్మెలి బూట్లు తొడుక్కుని మెట్లు దిగింది,
పార్కింగు గడువు దాటిందని తిట్టుకుంటూ.

తపాని చేసిన ఆ తెల్ల బిళ్ల
గున్నెవి వంటింట్లో వేడి గిన్నెల కింద ఉంది.
కాలదు, పగలదు,
దేనికీ ఏమీ కాదు.
బాగా పనికొస్తుంది.