లోపల వదిలిన గుడ్డ

జూన్ వచ్చిందంటే దర్శి ఊరంతా ఒకటే రంగు,
నీలం గళ్ళ గుడ్డ.
కురిచేడు రోడ్డులో నా కొట్టు ముందు
బడిపిల్లలు నిలబడతారు.
నిలబడతారు అంటన్నా గాని
ఒంటికాలి మీద బరువేసి ఒకడు,
షట్టరుకి చేరగిలబడి ఒకడు,
మెడని ఫోన్‌లోకి వేలాడేసి ఇంకొకడు.

నలభై ఏళ్ళుగా ఈ టేపు నా మెళ్ళోనే ఉంది,
దానికి తెలియంది లేదు.
మల్లవరపు సువార్త, తొమ్మిదో తరగతి:
ఎడమ భుజం ముప్పాతిక అంగుళం కిందికి.
సంచి ఎప్పుడూ ఆ భుజానికేనంట.
ఏడో తరగతి జిలానీకి
వెనక పీసు అంగుళంన్నర ఎక్కువ కత్తిరించాలి,
లేకపోతే చొక్కా వీపు మీదికి ఎగబాకుద్ది.
నిరుడు అరంగుళం చాలింది వాడికి.

ఒక రాత్రి కొలతల పుస్తకం తిరగేశా.
పదిమందిలో ఆరుగురో, ఏడుగురో.
ఇట్టాంటి కొలతలు ఒకప్పుడు
పొగాకు బారన్ల దగ్గర ముసలోళ్ళకే రాసేవాణ్ణి.

మా నాయన్ని నీళ్ళు వంచాయి.
మా బోరు నీళ్ళే, చూడ్డానికి అద్దంలా ఉండేవి.
యాభై దాటాక ఆయన ఆకాశం చూడాలంటే
మంచమ్మీద పక్కకి తిరిగి పడుకోవాల్సొచ్చేది.
ఈ పిల్లలు క్యాను నీళ్ళు తాగి పెరిగినోళ్ళు.
అమ్మానాన్నలు కడుపు కట్టుకుని కొన్న క్యాన్లు.
ఆ వంపు రాకూడదనే గదా.

"సక్కంగా నిలబడబ్బాయా" అంటా.
టపీమని లేస్తారు,
గడ్డం పైకి, గుండె ముందుకి,
డ్రిల్లు మాస్టారు ఈల ఊదినట్టు.
నా కళ్ళ ముందే రెండంగుళాలు పొడుగవుతారు.
టేపు చుట్టెయ్యగానే
మళ్ళీ గాలి తీసిన ట్యూబు.

ఇప్పుడు చెప్పండి,
ఏ ఒంటికి కుట్టాలి నేను?
ఆ నిమిషం నిలబడ్డ ఒంటికి కుడితే
బెంచీ మీద కూర్చోగానే వీపు పట్టేసుద్ది.
బెంచీలో ఒంగిన ఒంటికి కుడితే
ఆ వంపుకి నేనే గూడు కట్టినట్టు.

మౌలాబీ కాజాలు కుడతా అంది:
"ముందు నీ వీపు చూసుకో.
మిషను మీద ఒంగీ ఒంగీ కొక్కెం అయ్యావు."
నిజమే.
నిలువుటద్దం గిరాకీల కోసం పెట్టింది,
నేనెన్నడూ పక్కకి తిరిగి చూసుకోలా.

వంపుకే కుడతన్నా.
రేపు సోమవారం వాళ్ళు తొడుక్కోవాల.
కాకపోతే భుజం కుట్టులో, చంక కింద,
అంగుళం గుడ్డ లోపల వదిలిపెడతన్నా.
ఎందుకయ్యా అంటే
ఎదిగే పిల్లలు గదమ్మా అంటా.

ఇంతవరకు విప్పించుకోడానికి వచ్చింది ఒక్కతే.
సువార్త.
వాలీబాల్లో చేరిందంట,
టాపు భుజాల దగ్గర బిగుసుకుంటందంట.
బ్లేడుతో కుట్టు విప్పా.
బయట గళ్ళు ఎండకి, సబ్బుకి వెలిసిపోయాయి.
లోపలి గుడ్డ మాత్రం
కొన్ననాటి నీలంగానే ఉంది.