వడ్లు ఎత్తాక

ముందు వడ్లు ఎత్తండి.
కోర్టు మనదే కానీ
నాలుగింటి దాకా ఎండ మాత్రం తీయా సబెల్ వడ్లది.
చీపుళ్లు చర్చి గోడకి ఆనించి ఉన్నాయి.
ఒక్క గింజ మిగిలినా కాలు జారుతుంది.
ఇది మొదటి నియమం, ఏ పుస్తకంలోనూ ఉండదు.

నా పేరు క్రిసాంతో.
పొద్దున మీ నాన్నల గడ్డాలు గీస్తాను,
సాయంత్రం ఈ విజిల్ ఊదుతాను.
రెండిటికీ వణకని చెయ్యే కావాలి.

అటు ఐదుగురు, ఇటు ఐదుగురు.
ఆరోవాడు బల్ల మీద.
బల్ల మీదున్నవాడూ ఆడుతున్నట్టే అంటారు పెద్దలు.
అబద్ధం. నేను నాలుగేళ్లు కూర్చున్నాను,
నాకు తెలుసు.

బంతిని నేలకి కొడుతూ నడవాలి.
చంకలో పెట్టుకుని పరిగెత్తడానికి
అది సంతలో ఎత్తుకొచ్చిన కోడి కాదు.
కొట్టు, నేల తిరిగిస్తుంది. మళ్లీ కొట్టు.
రెండు చేతులా పట్టుకున్నావా, నడక అయిపోయింది,
మళ్లీ కొట్టడం మొదలెడితే విజిలే.
ఆగాక ఒక పాదం నేలకి మేకు.
రెండోది నీ ఇష్టం,
లంగరు వేసిన పడవ గాలికి తిరిగినట్టు తిరుగు.
మేకు పాదం లేచిందా,
అది మళ్లీ నేల తాకేలోపు
బంతి నీ చేతిలో ఉండకూడదు.

మధ్య గీత దాటాక బంతితో వెనక్కి పోవద్దు,
అక్కడ అప్పులవాడు నిలబడ్డాడనుకోండి.
రింగు కింద ఆ నీలం పెట్టె చూశారా,
పడవకి వేయగా మిగిలిన రంగు?
బంతి మీ జట్టు దగ్గరున్నప్పుడు అందులోకి
చుట్టపుచూపుగా వెళ్లి వచ్చేయాలి.
మూడు సెకన్లు దాటితే
చుట్టం కాదు, అద్దెకున్నట్టు.

బంతి దొరికిన ఇరవైనాలుగు సెకన్లలో బుట్టకేసి విసరాలి.
మనకి గడియారం లేదు.
ఐసు అమ్మే మనాంగ్ ఫెలీ గట్టిగా లెక్కపెడుతుంది:
ఊసా, దుహా, తులో...
పద్దెనిమిది దగ్గర ఎవరైనా ఐసు కొనడానికొస్తే
చిల్లర ఇచ్చేదాకా కాలం ఆగుతుంది.
ఆ గొడవ నా దగ్గరికి తేవద్దు.

పెద్ద గీత అవతల నుంచి వేస్తే మూడు, లోపల నుంచి రెండు.
ఎవరూ అడ్డురాకుండా, గీత మీద నిలబడి వేసేదానికి ఒకటే.
తేలిక అనుకుంటారు.
అందరూ నోరు మూసుకుని నిన్నే చూస్తుంటే
చెయ్యి ఎంత బరువెక్కుతుందో అప్పుడు చెప్పండి.
బుట్ట అంటాం గానీ దానికి అడుగు లేదు,
వేసింది వేసినట్టే కింద పోసేస్తుంది.

ఇక ఫౌల్.
ఒళ్లు తగలకుండా ఆట ఉండదు.
తగలడం వేరు, తగిలి ఆపడం వేరు.
ఐదోసారికి బయటికి.

మొన్న వర్షాలకి ముందు
అవతలి రేవు జట్టు వచ్చింది కదా.
ఒక్క పాయింటు పైన ఉన్నాం,
మనాంగ్ ఫెలీ ఇరవై దాటింది,
వాళ్ల మార్లిటో ఎగిరి వేసింది రింగుకి తగిలి బయట పడింది.
పేటంతా అరుపులు.
గాలికి లేచిన పరదా వైపు చూస్తున్నాను నేను,
ఏమీ చూడలేదు.
బంతి జెరలిన్ చేతిలో ఉంది.
పరిగెత్తలేదు.
బంతి కింద పెట్టి చెయ్యెత్తింది.
'నా వేలు తగిలింది అతని మణికట్టుకి.'

అది ఆమెకి ఐదోది.
తనే నడిచి వెళ్లి బల్ల మీద కూర్చుంది.
మార్లిటో రెండూ వేశాడు. ఓడిపోయాం.
ఆవేళ్టి నుంచి వాళ్ల నాన్న
గుంతల రోడ్డు మీద తొమ్మిది కిలోమీటర్లు వెళ్లి
వేరే మంగలి దగ్గర గడ్డం గీయించుకుంటున్నాడు.
విజిల్ వేయమని నేను చెప్పానట ఆ పిల్లకి!

చెయ్యెత్తాలని నియమం ఉందా అంటే,
ఏమో. నాకున్న కాగితాల్లో చెదలు తినని పేజీల్లో
కనబడలేదు.

సరే, పొడుగువాళ్లిద్దరు మధ్యలోకి రండి.
జెరలిన్, కోళ్లకి ఏరిన గింజలు చాలు, నువ్వూ రా.
బంతి పైకి వేస్తున్నాను.
ఎక్కుతున్నప్పుడు ముట్టకూడదు.
పైన ఒక్క క్షణం ఆగుతుంది, అప్పుడూ కాదు.
అది దిగడం మొదలెట్టాక