పైపు పగిలిన లెక్క

ఉరవకొండ దాటినాక
ఆ తుమ్మచెట్టు కాడికొస్తే చాలు
ఉశేనప్ప జేసీబీ ఆగిపోతాది.
"పైపు పగిలింది, రాసుకో"
అంటాడు, దిగి బీడీ ముట్టించి.
రిజిస్టరులో రాస్తాను.
నా చేతిరాత గుండ్రంగా ఉంటాది,
అబద్ధమైనా అందులో ఇమిడిపోతాది.

చెట్టు నెత్తిన పుల్లల గంప,
అందులో పాముల గద్ద, పసుపు కళ్లు.
ఏడాదికి ఒక్కటే గుడ్డు పెడతాదంట.
గొర్రెలు కాసేటప్పుడు వాళ్ల నాయన చెప్పినాడంట.
ఒక్కటే అన్నప్పుడు మాత్రం
ఉశేనప్ప నా వైపు చూడలేదు.

రేగుపొదలు, చెదపుట్టలు, బండిబాట
అన్నీ చదునైపోయినాయి.
నాలుగు వందల ఎకరాల నీలం పలకల నడుమ
ఈ ముళ్లచెట్టు నీడ,
చాపంత.

నిన్న పెద్ద ఇంజనీరు వచ్చినాడు.
పేజీలు తిప్పినాడు: పైపు, పైపు, మళ్లీ పైపు.
తలెత్తినాడు.
తల్లి దిగుతా ఉంది,
సగం మింగిన జెర్రిపోతు
నోట్లోంచి వేలాడుతా.
గూటిలో తెల్లటి తల ఒకటి లేచి
తోక పట్టి గుంజింది.

చానాసేపటికి అడిగినాడు,
"కొత్త పైపు రావడానికి
ఎన్ని దినాలు పడుతుంది?"

ఉశేనప్ప వేళ్లు మడిచి
రెక్కల లెక్క కట్టినాడు.
"ఉగాది దాటాల సార్."