నాలుగింటి పడవ

సారెమా దీవి నుంచి అవతలి గడ్డకి పడవ నాలుగింటికి.
ఇప్పుడు రెండున్నర.
బూట్ల మంచు దులపకుండానే అడిగాడు రైవో:
"ఇందులో ఏది మగది?"

తొమ్మిదింటిలో రెండే మిగిలాయి.
పొయ్యి పక్కన యాపిల్ పెట్టెలో
ఒకదాని మెడ మీద ఇంకొకటి తల వేసుకుని
ఒకే ఊపిరిగా నిద్రపోతున్నాయి.
ఎర్ర దారం మగది. పచ్చ దారం ఆడది.
మా భాషలో అతడికీ ఆమెకీ ఒకటే మాట.
ఎనిమిది వారాలు ఆ ఒక్క మాటతోనే పిలిచాను,
ఎవరికీ పాలు తక్కువ కాలేదు.

కైరె సంచిలోంచి కాగితం తీసింది. అన్నీ రాసుకొచ్చింది.
మగదైతే ప్రతి గేటుకీ కాలెత్తుతుంది,
గాలిలో చిన్న వాసన తగిలితే చాలు, కంచె దూకి
మూడు రోజులు పత్తా ఉండదు.
"అచ్చం మీ అన్నయ్యలాగే" అన్నాడు రైవో.
ఆడదైతే ఏడాదికి రెండుసార్లు ఎదకొస్తుంది.
మూడేసి వారాలు రక్తం. తివాచీ చూస్తే కొత్తది.
తలుపులు వేసి లోపలే ఉంచాలి,
గుమ్మం ముందు వీధి కుక్కల జాతర.
ఆపరేషన్ ఖర్చూ దానికే ఎక్కువ.
"ఆడదంటేనే తలనొప్పి" అనేసి
నన్ను చూసి దగ్గాడు రైవో.
నేను కాఫీ పోశాను.

ముప్పై ఏళ్లుగా ఈ బల్ల దగ్గర ఇదే బేరం.
ఒకావిడ మగదే కావాలంది,
గురక లేని ఇంట్లో నిద్ర పట్టట్లేదని.
జాలరి ఎల్మార్ ఆడదాన్ని తీసుకెళ్లాడు,
నలుగురు కొడుకుల ఇంట్లో
ఒక్కరైనా మాట వింటారని.
అదీ వినలేదు.
మా నాన్న అయితే అడిగేవాడే కాదు.
ఆడపిల్లల్ని ఏరి గోనెసంచిలో వేసి
రేవు వైపు నడిచేవాడు.
వచ్చేటప్పుడు సంచి మడతపెట్టి చంకలో ఉండేది.
అది ఆరాక మేం బంగాళదుంపలు పోసుకునేవాళ్లం.

లీసుకి పన్నెండేళ్లు.
వస్తూనే స్నానాలగది ఎక్కడని అడిగింది,
చాలాసేపు రాలేదు.
వచ్చేసరికి స్వెటర్ నడుముకి చుట్టుకుని ఉంది.
వాళ్లమ్మ కాగితం చూసుకుంటోంది.
"పై అరలో, తువ్వాళ్ల వెనక" అన్నాను,
చక్కెర ఎక్కడుందో చెప్పినట్టు.
ఆ పిల్ల మళ్లీ వెళ్లొచ్చి
పెట్టె పక్కన నేల మీద కూర్చుంది.
తలుపులు వేసి, రక్తం, తివాచీ అన్నప్పుడల్లా
చెవులు ఎర్రబడుతూనే ఉన్నాయి.

"తొందరగా చెప్పు తల్లీ, పడవ" అన్నాడు రైవో.

పచ్చ దారందాని పొట్ట నిమిరింది లీసు.
అది ఆవులించి, స్వెటర్ చేతిని పట్టి గుంజింది.
ఇదే అంటుందనుకున్నాను.
పందెం కాసేదాన్ని కూడా.

"మగదాన్నే తీసుకెళ్దాం" అంది.
నా వైపు తిరిగి, నెమ్మదిగా,
"దీన్ని మీ దగ్గరే ఉంచుకోండి.
మీరు తలుపులు వేయరు కదా."

కాఫీ గిన్నెల చప్పుడు ఆగిపోయింది.
కైరె అప్పుడు చూసింది
కూతురి నడుము దగ్గర ఆ ముడిని.
ఏమీ అనలేదు. తన పొడుగు కోటు విప్పి
ఆ పిల్ల భుజాల మీద వేసి
మెడ దాకా గుండీలు పెట్టింది,
చంటిపిల్లకి పెట్టినట్టు.
కాగితం బల్ల మీదే మర్చిపోయింది.

కారు జునిపర్ పొదల మలుపు తిరిగింది.
నాకు ఇంకో కుక్క వద్దు. తుంటి నొప్పి,
మెట్లు ఎక్కలేను, అరవై ఎనిమిది దాటాయి.
ఇవన్నీ చెప్పాను దానికి, వరసగా.
అది పెట్టెలో రెండుసార్లు చుట్టూ తిరిగి
ఎర్ర దారం పడుకున్న గుంటలో వాసన చూసింది,
ఆపైన తడబడుతూ గుమ్మం దాకా నడిచింది.

తలుపు తీసే ఉంచాను.
చలి లోపలికొచ్చింది.
లేచి, పొయ్యిలో ఇంకో కట్టె వేశాను.