కుర్చీ కదపొద్దు

రాత్రి ఏడున్నరకి నేను హెడ్‌సెట్ తగిలించుకునేసరికి
పిట్స్‌బర్గ్‌లో తెల్లారి మంచు తవ్వుకుంటుంటారు.
గవర్నర్‌పేటలో జిరాక్స్ షాపు మీద మూడో అంతస్తు,
కింద పునుగుల మూకుడు చుయ్యిమంటుంటే
వాళ్ళ హీటర్లు ఎందుకు వెలగట్లేదో రాసుకుంటాను.
నా పేరు నాగకేసరి. అక్కడికి, కేసీ.

ఏడేళ్ళు. ఆ ఊరి మీద మబ్బుని కూడా చూడలేదు.
అయినా తెలుసు:
మూడు నదులు, లెక్కకందని వంతెనలు,
కొండల మీదికి మెట్లు, ఆ మెట్లకి వీధి పేర్లు.
సొరంగం కనబడగానే అందరూ ఎందుకో బ్రేకు తొక్కుతారట.
మెకానిక్ ఆలస్యమైన ప్రతిసారీ ఇదే కారణం.
మా చిట్టినగర్ సొరంగంలో మేం హారన్ కొడతాం,
ఊరికే, ఆ మోత వినడానికి.

అడ్రసు అడిగితే
"ఒకప్పుడు ఐస్‌క్రీమ్ కొట్టుండేదే, దాని పక్క" అంటారు.
ఇప్పుడక్కడ ఏముందంటే గుర్తుండదు.
మ్యూట్ నొక్కి నవ్వుకుంటాను.
నిన్ననే ఆటో అబ్బాయికి నేను చెప్పింది
కూలగొట్టేసిన సినిమా హాలు పేరు.
అతను పుట్టకముందే పోయిందది.
సరిగ్గా అక్కడే ఆపాడు.

గ్రీన్ పడగానే, పక్కకి తిరిగే మొదటివాణ్ణి
ఎదుటివాళ్ళు ఆగి పోనిస్తారట.
చట్టం కాదు, మర్యాద.
బెంజ్ సర్కిల్లో ఓ పొద్దున నేనూ ఆగి చూశాను.
వెనకాల ఇసుక లారీ
మా ఏడు తరాల్నీ పేరుపేరునా పలకరించింది.

ఇంగ్లీషులో లేని "మీరు"ని
ఆ ఊరు సొంతంగా చేసుకుంది. "యిన్జ్" అంటారు.
తప్పు మాట, నేర్చుకోకండి, అన్నాడు ట్రైనర్.
నేను చాన్నాళ్ళు గౌరవమనుకున్నాను.
మీరంతా అని అర్థమట.
పోనీలే, ఒక్కదాన్నీ అంతమందిని చేశారు.

ఈ జనవరిలో, షిఫ్టు చివర, మిసెస్ వొయ్‌నార్.
ఎనభై దాటిన గొంతు.
"మీ కుర్రాణ్ణి వ్యాను ఎక్కడైనా పెట్టుకోమను.
నా కుర్చీ మాత్రం కదపొద్దను."
మంచు తవ్విన చోట, రోడ్డు మీదే,
వంటింటి కుర్చీ ఒకటి పెడితే ఆ జాగా వాళ్ళది.
విడమరిచి చెప్పబోయింది.
అక్కర్లేదండీ అన్నాను.
బందరు బస్సు కిటికీలోంచి కర్చీఫ్ విసిరి
మూడు సీట్లు పట్టిన చెయ్యి ఇది.
ఓసారి కర్చీఫ్ లేక టెన్త్ మార్కుల లిస్టు వేశాను.
ఎవరూ దాని మీద కూచోలేదు.

కారు ఏ రంగని అడుగుతోంది స్క్రీన్ మీద గడి.
"అమ్మేసి ఆరేళ్ళయింది" అంది.
కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు.
మౌనానికి మాకు మార్కులు కోస్తారు.
మరి మంచు ఎవరు తవ్వుతున్నారని అడగలేదు.
ప్రత్యేక సూచనల దగ్గర
పెద్దక్షరాల్లో కొట్టాను: కుర్చీ కదపొద్దు.

ఆ కాల్ సాగి, క్యాబ్ తప్పి,
నూట పద్దెనిమిది మెట్లెక్కేసరికి అయిదు దాటింది.
కుళాయి వరసలో రాత్రే పెట్టిపోయిన నా బిందె
(సొట్ట బిందె, మూతి దగ్గర ఎర్ర రంగు చుక్క)
వరసలో లేదు. పక్క మెట్టు మీద బోర్లా ఉంది.
నాంచారమ్మత్త నాలుగోది నింపుకుంటోంది.

ఎవరు జరిపారని కొండంతా లేచేలా అరిచాను.
"నీళ్ళు నీకోసం ఆగుతాయంటే?"
నోటికొచ్చింది అనేద్దామని నోరు తెరిస్తే
తొమ్మిది గంటల అలవాటు, ఇంగ్లీషే ఊడిపడింది:
అయామ్ సారీ ఫర్ ది ఇన్‌కన్వీనియన్స్, మేడమ్.

వరసంతా నవ్వింది.
అత్త నవ్వలేదు.
పైపు లాగి నా బిందెలో పెట్టి
"ఏమని తిట్టావే నన్ను?" అనడిగింది,
నీళ్ళు సన్నబడుతుండగా.