పదిహేడు ఫోన్లు

మా ఇంటి కప్పు మీద ఒక సోలార్ పలక.
లోపల గోడకు చెక్క, చెక్కకు పదిహేడు వైర్లు.
ఫోనుకు రెండు మలోటి, టార్చికి ఒకటి.
పేర్లు రాసుకోను. పగిలిన అద్దాన్ని బట్టి,
చుట్టిన రబ్బరు బ్యాండును బట్టి
ఏది ఎవరిదో చీకట్లోనైనా చెప్పేస్తాను.

కరెంటు నా దగ్గర. సిగ్నల్ మాత్రం
కొండ మీద, నోరున్న బండ దగ్గర.
గంట నడక, చివర్లో చేతులతో పాకాలి.
లిమకాత్సో నర్సు అక్కడికెక్కే
ఒక పసివాడి కాలిపుండు ఫొటో మసేరు డాక్టరుకు పంపింది.
జవాబు వచ్చేదాకా బండకు ఆనుకుని సగం టోపీ అల్లేసింది.
మొహైర్ కొనే బేరగాడు ధర చెబితే
వెనకటిలా తలూపడం లేదు మావాళ్ళు.
"ఆగు, కొండెక్కి వస్తాం" అంటున్నారు.
ఎక్కకపోయినా సరే,
ఆ మాటకే వాడి త్రాసు సరిగ్గా తూగుతోంది.

జూన్‌లో మంచు పడింది. మాకు అదే నడిచలికాలం.
మూడు రోజులు ఎవరూ తలుపు తీయలేదు.
నాలుగో రోజు, ఎవరో ఒకరు వెళ్ళాలి కదా,
పదిహేడూ దుప్పట్లో మూటగట్టి
చంటిబిడ్డను కట్టుకున్నట్టు వీపుకు కట్టుకున్నాను.

బండ ఎక్కి నిలబడ్డానో లేదో
వీపు మీద ఒకటి గుర్రుమంది. ఇంకొకటి.
ఆపైన అన్నీ ఒక్కసారే,
పొదుగు కోసం కుమ్ముకునే మేకపిల్లల్లా.
కదిలితే ఏ మాట జారిపోతుందోనని
ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.
ఒక్కదాన్నీ తెరిచి చూడలేదు.
చూడాలనిపించలేదని మాత్రం అనను.

దిగేటప్పుడు అన్నీ మౌనం.
మూట బరువెక్కినట్టే ఉంది.

సెఖొన్యానా తాతకు ఎవరూ ఏమీ పంపరు.
ఆయన ఫోను రేడియో కోసం, రాత్రి దారి కోసం.
ఆ రోజు దాని అద్దం మీద ఒక చిన్న గుర్తు.
"చదువు" అన్నాడు. ఆయనకు అక్షరాలు రావు.
అవతలి లోయలో ఆయన మేకలు కాసే కటీసో రాశాడు.
పదమూడేళ్ళవాడు, బడి గడప తొక్కనివాడు,
కాపరుల రాత్రిబడిలో ఆ చలికాలమే దిద్దడం మొదలెట్టాడట.

"మేకులు బాగునయి. ఒకటి కుంటుతుంది. నేనే రాసను."

తప్పులతో సహా చదివాను.
"మళ్ళీ" అన్నాడు. మళ్ళీ చదివాను.
"కుంటేది ఏ మేకట?"
"అది రాయలేదు తాతా."
"అడుగు మరి."
అడగాలంటే మళ్ళీ కొండెక్కాలి. ఎక్కాను.

మంచు కరిగాక టవరు వాళ్ళొచ్చారు.
ఎర్రరంగు పూసిన మేకులు నాలుగు పాతారు.
ఇక దుప్పటి కప్పుకుని కూర్చునే అన్నీ, అన్నారు.
పురిటి నొప్పుల వేళ డాక్టరు ముఖం
తన గోడ మీదే కనిపించాలంటుంది లిమకాత్సో.
పిల్లలు సముద్రం అడుగుతున్నారు, కదిలే సముద్రం.
మేక మెడలో గంటే అది ఎక్కడుందో చెప్పాలంటాడు తాత.
నాకూ ఆశలున్నాయి. ఒక భయం కూడా ఉంది:
అబద్ధానికి నడక తప్పిపోతుంది.
ఇన్నాళ్ళూ దానికీ ఆయాసం వచ్చేది.

ఏడాదయింది. టవరు రాలేదు.
మేకలు ఒళ్ళు రుద్దుకుని రుద్దుకుని రెండు మేకులు ఒరిగాయి.
తాత ఫోనులో ఆ మాట అలాగే ఉంది.
బ్యాటరీ అయిపోతే అదీ పోతుందని ఆయన బెంగ.
పోదని ఎంత చెప్పినా శనివారం శనివారం తెస్తాడు.
రెండు మలోటి తీసుకుంటాను. పలక మీద అప్పు ఇంకా తీరలేదు.

మొన్న నా పని మీద నేనే కొండెక్కి
కటీసోకు రాశాను:
మేకులు ఒరిగాయి. మేకలు ఎలా ఉన్నాయి?

వాడు తేడా పట్టుకుంటాడో లేదో చూడాలి.